ఈశాన్యం మీదుగా వచ్చిన తీగ

మా ఇంట్లో నెట్ నెమ్మదించినప్పుడల్లా అందరూ మేడవైపు చూసేవారు. తీగవైపు ఒక్కరూ చూడలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు కనకనే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో మా సందు మొత్తానికీ ఫోను నా ఇంట్లోనే ఉండేది. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు పెట్టాక, ఏళ్ల తరబడి కాచుకుంటే వచ్చిన ఫోను. సందులో అందరూ చుట్టాలకి మా నంబరే ఇచ్చి పక్కన పీపీ, అంటే పక్కింటి ఫోను, అని రాసేవాళ్లు. మేం అన్నం తింటున్నా సరే, "బాబాయిగారూ, మావాళ్లు ఫోన్ చేశారాండీ?" అంటూ వచ్చేవాళ్లు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవాళ్లం. వీళ్లవల్ల ఫోను అరిగిపోతోందని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

రెండువేలు దాటాక అదే తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఇల్లు నాకూ మా బావమరిదికీ ఉమ్మడి. కింద చెరో వాటా, మేడ మీద అద్దెకి ఒక ముస్లిం కుటుంబం. కనెక్షన్ నా పేరున తీసుకుని, నా గదిలో మోడెం పెట్టి, అక్కణ్ణుంచి కిటికీల గుండా అన్ని వాటాలకీ వైర్లు లాగించాను. ఐదో తరగతిలో బడి మానేసి, స్పేర్ పార్టుల పెట్టెల మీద రాతలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు పట్టుకున్నవాణ్ణి. నెట్ నాకు లేకలేక దొరికిన బడి.

మేడమీది అమ్మాయికి అది బతుకు. తండ్రికి పక్షవాతం వచ్చి వన్‌టౌన్‌లో తాళాల కొట్టు మూతపడింది. ఎక్కడెక్కడి డాక్టర్లో రికార్డు చేసిన మాటలు చెవుల్లో పెట్టుకు విని, టైపు చేసి, పొద్దుగూకేలోగా హైదరాబాదు కంపెనీకి పంపడం ఆమె పని. ఆ సంపాదన మీదే వాళ్ల పొయ్యి వెలుగుతోంది. మా నెట్ సరిగ్గా సాయంత్రానికే చతికిలబడేది.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి మెట్లు దిగివచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"తాతగారూ, ఇంకొక్కసారి లేటైతే పని ఆపేస్తామన్నారండీ. రేపు సాయంత్రం ఫైళ్లు వెళ్లకపోతే ఇంక అంతేనండీ."

నేను నోరు తెరిచేలోపే వరండాలోంచి బావమరిది అందుకున్నాడు. "నేను మొదట్నించీ చెప్తన్నానుగా బావా! నెట్టంతా మేడమీదే తాగేస్తన్నారు. ఆ వైరు పీకెయ్, మనకి దూసుకుపోద్ది."

"నీ క్రికెట్ స్కోరు దూసుకుపోవాలా?"

"స్కోరుకెంత కావాలి? వాళ్లు సినిమాలకి సినిమాలే దించుతన్నారు."

"మీరు చూశారా అంకుల్?" అంది అమ్మాయి. అతను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అంతకుముందు ఫిర్యాదు చేస్తే వచ్చిన లైన్‌మన్‌దీ ఇదే పాట. "ఒక లైను మీద ఇంతమందా అండీ? స్లో అవ్వక ఏమవుద్ది?" అని బండెక్కి పోయాడు.

సరే, తేల్చేద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రం బావమరిదిని పక్కన నిలబెట్టి మేడ వైరూ అతని వైరూ రెండూ మోడెం నుంచి పీకేశాను. నా కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. అయినా పేజీ తెరుచుకోలేదు. మోడెం మీద లైను ఉందని చెప్పే పచ్చదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది.

"ఇప్పుడెవరు తాగుతున్నార్రా?" అన్నాను.

అంతలో పైన ట్యాంకు నిండి నీళ్లు పొర్లిన చప్పుడు. మా ఆవిడ వెళ్లి మోటారు ఆపింది. దీపం నిలకడగా వెలిగింది. పేజీ చటుక్కున తెరుచుకుంది.

"మళ్లీ వెయ్యి!" అని కేకేశాను.

"నీళ్లు పొర్లిపోతుంటే మళ్లీ వెయ్యడమేంటండీ, మతిగాని పోయిందా?"

"వెయ్యవే!"

వేసింది. దీపం కొట్టుకుంది. ఆపింది. నిలబడింది.

తీగ పట్టుకుని బయల్దేరాను. స్తంభం నుంచి అది మా ప్రహరీ ఈశాన్యం మూలనున్న చిన్న పెట్టెలో దిగుతుంది. అక్కణ్ణుంచి నా గది కిటికీ కూతవేటు కూడా లేదు. కాని ఇల్లు కట్టినప్పుడు ఈశాన్యం మీదుగా ఏ తీగా రాకూడదని సిద్ధాంతి అన్నాడట. వాస్తు కోసం నిక్షేపంలాంటి మెట్లు పగలగొట్టించుకున్న రోజులవి. బావమరిది పట్టుబట్టి ఫోను తీగ చేత ఇంటికి ప్రదక్షిణ చేయించాడు. అది అతుకుల మీద అతుకులతో ఆగ్నేయంలో మోటారు పక్కనుంచి లోపలికొచ్చింది. తరవాత మోటారు వైరునీ అదే గొట్టంలో దూర్చారు. అతుకుల మీద టేపు ఊడి రాగి చిలుమెక్కింది. మోటారు తిరిగినంతసేపూ దాని రొద మా లైనులోకి దిగుతోంది. పంపు నీళ్లొచ్చేది సాయంత్రమే, మోటారు వేసేదీ అప్పుడే.

"పెట్టె దగ్గర్నించి తిన్నగా కొత్త తీగ లాగేస్తాను" అన్నాను.

బావమరిది లేచి నిలబడ్డాడు. "ఈశాన్యం మీదుగానా? ఇంటికి అరిష్టం బావా. ఇందులో నా వాటా కూడా ఉంది."

"చల్లపల్లిలో మీ నాన్న ఇంటికి ఏ మూలా వంక లేదుగా, మరి పొలమంతా ఎలా కరిగిపోయిందిరా?"

"మా నాన్న జోలికెళ్లకండి" అంది లోపల్నుంచి మా ఆవిడ.

"సరే, వెళ్లను. పైన ఆ పిల్ల పని పోతే అది అరిష్టం కాదా? మేడ మన ఇంట్లోది కాదా?"

"వాళ్లకి వాస్తు ఉండదుగా!"

"ఆకలుంటుందిరా!"

మర్నాడు పొద్దున్నే కొత్త తీగ తెచ్చి నేనే నిచ్చెనెక్కాను. బావమరిది అరుస్తూనే వచ్చాడు. అరుస్తూనే నిచ్చెన పట్టుకున్నాడు. "నువ్వు పడితే అక్క నన్నంటుంది, అందుకు" అన్నాడు. తీగ ఈశాన్యం మీదుగా తిన్నగా నా కిటికీలోకొచ్చింది.

సాయంత్రం మేడ వైరు మోడెంకి పెట్టి, మోటారు కావాలనే వేయించాను. దీపం కదల్లేదు. కాసేపటికి పైనుంచి కేక: "వెళ్లిపోయాయండీ తాతగారూ! అన్నీ వెళ్లిపోయాయి!"

బావమరిది వైరు మాత్రం పెట్టలేదు. "ముందు మేడెక్కి, నువ్వన్నమాట తప్పని ఆ అమ్మాయికి నీ నోటితో చెప్పు" అన్నాను. అతను బిగుసుకుపోయాడు. బూడిద గుమ్మడికాయ తెచ్చి సరిగ్గా నా తీగ కింద కట్టాడు. కట్టుకోనిచ్చాను. అక్క చేత రాయబారం పంపాడు. వినలేదు. "చిన్నతనం" అన్నాడు. కాదు, పెద్దరికమే. నా ఇంట్లో నిందపడ్డ పిల్ల తలదించుకుని మెట్లెక్కడం నేను చూడను.

క్రికెట్ మ్యాచ్ రోజు రానే వచ్చింది. పొద్దున మేడ మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినబడింది. ఏం చెప్పాడో నేను వినలేదు. చేతిలో వాళ్లిచ్చిన టీ గ్లాసుతో దిగాడు.

"చెప్పాను. పెట్టు" అన్నాడు.

పెట్టాను.