పసుపు దారం

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం చనిపోయారు. తెల్లవారుజాము నమాజు చేసుకుని మంచం మీద ఒరిగినవారు మళ్లీ లేవలేదని వాళ్లబ్బాయి వచ్చి చెప్పాడు. రాయడానికి సిగ్గుగానే ఉంది, ఆ మాట వినగానే నాకు ముందు విసుగొచ్చింది. ఆ ఉదయం ఆయన నా నీళ్ల సంపు చూడాలి. నాలుగు నెలలు నన్ను సతాయించి, తీరా చూడాల్సిన రోజున వెళ్లిపోయారు.

ఆయనది ఎమ్మిగనూరు. మగ్గాలవాళ్ల నూలుకు రంగులద్ది జీవితమంతా గడిపి, ఆదోని బయట మా ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నారు. మా వైపు కుళాయి లైను లేదు. మిద్దె మీద పడిన వాన నీళ్లు, చాలకపోతే ట్యాంకరు నీళ్లు సంపులో నింపుకోవాలి. ఆయన పక్కనే నేనూ ఇల్లు కట్టి, ఐదు వేల లీటర్ల సిమెంటు సంపు వేయించాను. మొదటి పెద్ద వానకే అది నిండితే పొంగిపోయాను.

మర్నాడే ఆయన గేటు తీసుకుని వచ్చారు. జేబులోంచి పసుపులో తడిపి ఆరబెట్టిన నూలుపోగు తీసి సంపులో ముంచారు. పోగు ఎర్రబడింది.

"సున్నం దిగుతాంది అప్పా. కొత్త సిమెంటు గదా. తోడి పారబొయ్యి."

"ఐదు వేల లీటర్లు చాచా!"

"ఇల్లు కడుక్కో, బండి కడుక్కో. దారం పసుపుగానే ఉండేదాకా నోట్లో మాత్రం పోసుకోవద్దు."

నీళ్లు లేక కోసిగి దిక్కు నుంచి ఊళ్లకు ఊళ్లు వలసపోయే చోట, నిండిన సంపు తోడమనే మనిషి మీద ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. అయినా తోడాను. ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. ట్యాంకరుతో నింపాను. చాచా రోజూ పొద్దున్నే దారంతో వచ్చేవారు. ముంచడం, ఎర్రబడిన దారాన్ని నా గేటు మేకుకు తగిలించి పోవడం. నా రోజువారీ పుస్తకంలో "నీళ్లు: ఎరుపు" అని రాసీ రాసీ చెయ్యి అలవాటైపోయింది. నీళ్లలో సున్నం ఘాటును అంకెలో చూపే పీహెచ్ కాగితాలు కొనుక్కొచ్చి, "పది చూపిస్తోంది చాచా, ముందు పదకొండు ఉండె" అంటే, "అంకె తాగుతావా, నీళ్లు తాగుతావా?" అన్నారు.

ఆ పంతంతోనే నా సొంత తెలివి చూపించాను. మూడు కిలోల చింతపండు గుడ్డలో కట్టి సంపులో వదిలాను. మర్నాడు దారం పసుపుగానే ఉంది. ఆయన వంగి వాసన చూశారు.

"సంపుకు పులుసు పెట్టినావేమప్పా?"

నేను సంపు మూత వేయబోయాను.

"మేమూ రంగు కుండలో పులుపు ఏస్తాంటిమి. కుండకైతే సరే. ఈడ గోడలే సున్నం, దినమూ దిగుతాంటాది. ఎన్నాళ్లు పెడ్తావు పులుసు?"

నాలుగో రోజుకు నీళ్లు కంపు కొట్టాయి. మళ్లీ తోడాను. ఆ పులుసు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా.

ఇన్నాళ్లూ మా ఆవిడ తాగే నీళ్లు రెండు బిందెలు రోజూ చాచా వాళ్లింటి నుంచే తెచ్చుకుంది. వాళ్ల సంపు పాతది, సున్నం తీరిపోయింది. క్యాన్లు కొనుక్కుంటామని ఒకసారి అన్నాను.

"పక్కింట్లో నీళ్లు పెట్టుకొని కొంటావా? సిగ్గు ల్యాదా?" అని గోడ అవతలి నుంచే తిట్టారు.

మూడోసారి నింపాక కొత్త ఆజ్ఞ వేశారు. "శుక్రవారం దాకా ముంచొద్దు. దినమూ ముంచితే నీకు రంగు కనపడదు, ఆశ కనపడతాది." ఒక దారం నా కిటికీలో పెట్టి పోయారు.

శుక్రవారం చావు కబురు చెప్పాక కూడా వాళ్లబ్బాయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, నాయనకు స్నానం చేయించనీకి నీళ్లు సాలవు. మా సంపు అడుగంటింది."

ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో మా బిందెలకు తెలుసు. బకెట్ పట్టుకుని సంపు మూత తీశాను. ముంచబోయి ఆగాను. లోపలికి వెళ్లి కిటికీలోని దారం తెచ్చాను.

"ఏం చేస్తాండావన్నా?" అన్నాడు అబ్బాయి.

"ఒక్క నిమిషం ఉండప్పా."

ముంచి, వెలుతురుకు పట్టుకుని, ఆయన చూసినంతసేపూ చూశాను. పసుపు. ఇంకోసారి ముంచాను. పసుపే.

అడిగినన్ని బకెట్లు తోడి ఇచ్చాను. మధ్యాహ్నం ఆయన్ను ఎమ్మిగనూరు తీసుకుపోయారు. బండి కదిలేటప్పుడు నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. మేకుకు ఆయన తగిలించిన దారాలు, ఎండకు వెలిసిన ఎరుపు, గాలికి ఊగుతున్నాయి. అప్పుడే మళ్లీ ముంచి నేను తగిలించిన పసుపు దారం ఇంకా తడిగా ఉంది, చివర నుంచి ఒక్కో చుక్క రాలుతోంది.