మూడు ఆదివారాలు చదివిన చీటీ

రాతిగుండె ఉన్న ఒక తండ్రి కోసం మా చర్చిలో మూడు ఆదివారాలు ప్రార్థన చేశాను. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తండ్రి నేనేనని తెలిసింది. నా సంతకం లేక మా అమ్మాయి చదువు ఆగి ఉందని కూడా అప్పుడే తెలిసింది. అప్పటికి సంఘం మొత్తంలో ఈ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేనట.

నేను హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ఖాళీగా ఉంటే ఆరోగ్యం పాడవుతుందని రేపల్లెలో మా సంఘం వాళ్ళు కార్యదర్శి పని నా నెత్తిన పెట్టారు. ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు ప్రార్థన చీటీలు చదివి, వాటి కోసం ప్రార్థన చేయడం కార్యదర్శి పని. చర్చి గుమ్మం దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది. జ్వరాలు, పరీక్షలు, వీసాలు, అల్లుడి తాగుడు, ఎవరి బాధ వాళ్ళు రాసి అందులో వేస్తారు. పేరు రాయాలన్న నియమం లేదు. శనివారం నేను పెట్టె తెరిచి చీటీలన్నీ ఎర్ర పెన్నుతో దిద్దుకుంటాను. దేవుడు తప్పులు పట్టుకోడండి అని పాస్టరు గారు ఒకసారి అన్నారు. దేవుడు పట్టుకోకపోవచ్చు, పైకి చదవాల్సింది నేను.

కొన్ని చీటీలు అసలు చదవను. కొత్త బండికి ఫ్యాన్సీ నంబరు రావాలన్న చీటీ చదవలేదు. తన రీలు లక్షమంది చూడాలన్న చీటీ చదవలేదు, పైగా వేసిన మనిషి ఎవరో కనుక్కుని చీవాట్లు పెట్టాను. ఎన్నికలప్పుడు మావాడు గెలవాలంటే మావాడు గెలవాలని రెండు పార్టీలవాళ్ళూ చీటీలు వేశారు. రెండూ కలిపి, పాలించేవాళ్ళకు దైవభయం కలగాలి అని చదివాను. నేను అవతలి పార్టీ మనిషినని రెండు పార్టీలవాళ్ళూ తేల్చేశారు. ఆ నెలలోనే అభ్యర్థులిద్దరూ చెరొక ఆదివారం కండువాలు వేసుకుని వచ్చి బలిపీఠం ముందు మైకు అడిగారు. ఓట్లు అడిగే చోటు బయట, క్షమాపణ అడిగే చోటు ఇది, వెనక బెంచీలో ఖాళీ ఉంది కూర్చోండి అన్నాను. ఒకాయన వెంటనే వెళ్ళిపోయాడు. రెండో ఆయన కూర్చుని ప్రసంగం అయ్యేదాకా నిద్రపోయాడు. ఆ విషయంలో మా సభ్యులకు ఏమీ తీసిపోలేదు.

పాటల పుస్తకాలు తీసేసి గోడకు తెర పెడదామంటే వద్దన్నాను. డ్రమ్స్ వద్దన్నాను. పెళ్ళికి ముందే చెట్టాపట్టాలేసుకుని తీయించుకున్న వీడియో చర్చి ఆవరణలో వేస్తామంటే కరెంటు తీయించాను. నా జీవితం నా ఇష్టం అని టీవీలో ఎవరైనా అంటే ఛానల్ మారుస్తాను, అవతలి ఛానల్లో కూడా అదే మాట వస్తే ఆపేస్తాను. ఇవన్నీ ఇప్పటికీ వద్దనే అంటున్నాను. చివరికి నేను మారిపోతానని ఆశపడేవాళ్ళు ఇక్కడే చదవడం మానుకోవచ్చు.

ఆడవాళ్ళు ప్రసంగపీఠం ఎక్కకూడదన్నది కూడా ఆ వరసలోదే. కలెక్టరు కావచ్చు, మంత్రి కావచ్చు, మా వార్డులో ఆడమనిషి నిలబడితే నేనే ఓటేశాను. పీఠం సంగతి వేరు. బైబిల్లో అపొస్తలుడు రాసిపెట్టిన మాట మార్చే అధికారం మా సంఘం కమిటీకి లేదు. ఇది కమిటీలో చెప్పాను, ఇంట్లో అన్నం తింటూ కూడా చెప్పాను. అప్పుడు మా అమ్మాయి పక్కనే కూర్చుని పప్పు కలుపుకుంటోంది. వాళ్ళమ్మను నెయ్యి అడిగింది. బాపట్లలో బ్యాంకు ఉద్యోగం తనది. శనివారం సాయంత్రం తెనాలిలో బండి మారి ఇంటికొస్తుంది, ఆదివారం పొద్దున కీర్తనల బృందంలో పాడుతుంది, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళిపోతుంది. నా అభిప్రాయాలకు తలూపే మనిషి ఇంట్లో ఒకరున్నారని నాకు ధీమా.

ఆ చీటీ వచ్చింది అది జరిగిన నెలకి. అక్షరాలు వంకరటింకరగా, పలక మీద అప్పుడే దిద్దడం మొదలుపెట్టినట్టు ఉన్నాయి. "దైవసేవ చదువు చదవాలని నా కోరిక. నాన్నకు చెప్పాలంటే భయం. ఆయన మనసు మెత్తబడాలని ప్రార్థించండి." అంతే. దిద్దడానికి ఒక్క తప్పు లేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

రాసింది ఎవరో మగపిల్లవాడనే అనుకున్నాను. ఇంకోలా తోచలేదు. బియ్యం మిల్లులో గుమస్తా ఒకాయన ఉన్నాడు, కొడుకును ఇంజనీరింగులో చేర్చి తీరతానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆ తండ్రి ఈయనే అని లెక్క కట్టాను. ఆదివారం మైకు ముందు నిలబడి, సూటిగా ఆయన్నే చూసి, తర్వాత కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, కన్నబిడ్డ నోరు విప్పడానికి జంకేటంత కఠినుడైన ఈ తండ్రిని చూడు. ఆయన రాతిగుండె తీసెయ్. నీ పిలుపుకు అడ్డంగా పడుకున్న ఈ బండను పక్కకు దొర్లించు." ఆ రోజు ఆమేన్ మామూలు కంటే గట్టిగా వచ్చింది. కళ్ళు తెరిచేసరికి కీర్తనల బృందంలో మా అమ్మాయి పైట చెంగుతో మొహం తుడుచుకుంటోంది. ప్రార్థన బాగా కుదిరిందనుకున్నాను.

రెండో ఆదివారం అదే చీటీ మళ్ళీ వచ్చింది. ఈసారి కొంచెం ఘాటు పెంచాను. గుమస్తాగారు బెంచీలో అటూ ఇటూ కదిలాడు. మూడో ఆదివారానికి ఆయన వెనక బెంచీకి మారాడు. ఈ తండ్రికి ఇంకా సిగ్గు రాలేదు ప్రభువా అని మొదలుపెట్టి ఏడెనిమిది నిమిషాలు చేశాను. పాస్టరు గారు మధ్యలో రెండుసార్లు దగ్గారు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. నిజాంపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి మా బజార్లో అమ్ముతుంది. ఎవరికీ భయపడే మనిషి కాదు.

"మేష్టారూ, పాపాలు ఒప్పుకునేవాళ్ళని చూశాను గానీ, తనని తానే తిట్టుకుంటా మూడు వారాలు ప్రార్థన చేసుకున్నోణ్ణి నా జన్మలో చూళ్ళేదయ్యా" అంది.

"ఏంటమ్మా నువ్వనేది?" అన్నాను.

ఆమె నా మొహం కాసేపు చూసింది. "ఓరి నాయనో, ఈయనకి తెలీదే" అని వెనకాల ఉన్న ఆడవాళ్ళతో చెప్పింది. వాళ్ళందరికీ ఒక్కసారే చెప్పులు వెతుక్కునే పని పడింది.

ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి అడిగాను. అప్పటికే మా అమ్మాయి బండికి వెళ్ళిపోయింది. మా ఆవిడ బీరువాలోంచి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అమ్మాయి ఉద్యోగం మానేసి పాస్టరు చదువుకు వెళ్తానంటోంది. సొంత సంఘం నుంచి సిఫార్సు ఉత్తరం కావాలి. పాస్టరు గారు సంతకం పెట్టేశారు. కార్యదర్శి సంతకం కూడా ఉండాలి. గడువు రేపు కాక పై సోమవారం.

"నాకు చెప్పొచ్చుగా" అన్నాను.

"మీకెవరు చెప్తారండి?" అంది. ఎగతాళిగా అనలేదు, నిజంగానే ఎవరైనా ఉంటే చెప్పండి అన్నట్టు అడిగింది. ఆలోచించాను. ఒక్క పేరూ తట్టలేదు.

ఆ వారమంతా కవరు బల్ల మీదే ఉంది. నేను దాని పక్కనే పేపరు చదివాను, దాని పక్కనే టిఫిన్ తిన్నాను. నా అభిప్రాయం తప్పని నాకు ఒక్క పూట కూడా అనిపించలేదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. స్కూల్లో పిల్లలు నన్ను చూసి బెదిరితే క్రమశిక్షణ అనుకున్నాను. ముప్పై ఏళ్ళ కూతురు నాతో ఒక మాట చెప్పడానికి దేవుణ్ణీ, ఊళ్ళోవాళ్ళనీ మధ్యవర్తులుగా పెట్టుకుందంటే దానికేం పేరు పెట్టాలో తెలియలేదు. నాకు సిగ్గేసింది. పైగా చేసిన ప్రార్థన వెనక్కి తీసుకునే పద్ధతి మాలో లేదు. మూడువందల మంది దానికి ఆమేన్ అన్నారు.

శనివారం మధ్యాహ్నం కవరు సంచిలో పెట్టుకుని తెనాలి వెళ్ళాను. ఇంట్లో అయితే మా ఆవిడ వంటింట్లోంచి వింటుంది. రేపల్లె బండి ఆగే ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాను. సాయంత్రం బాపట్ల వైపు నుంచి బండి వచ్చింది. మా అమ్మాయి వంతెన మెట్లు దిగుతూ నన్ను చూసి ఆగిపోయింది.

"అమ్మకేమైనా అయిందా నాన్నా?" అంది.

"బాగానే ఉంది. కూర్చో."

కూర్చుంది. మా మధ్య తన బ్యాగు పెట్టుకుంది. రేపల్లె బండి అప్పటికే ఎదురుగా నిలబడి ఉంది.

"ఆ చీటీ అక్షరాలు నీవి కాదే" అన్నాను.

"ఎడమచేత్తో రాశాను."

"నీదని తెలిస్తే చదివేవాణ్ణి కాదు."

"తెలుసు నాన్నా. అందుకే ఎడమచేత్తో రాశాను."

ఈ పిల్లకు అక్షరాలు దిద్దబెట్టింది నేనే. కుడిచేత్తో, గుండ్రంగా, తలకట్టు తప్పకుండా.

"మీ ప్రార్థన మాత్రం చాలా బాగుంది" అంది.

"ఆ గుమస్తా కోసం చేశాను."

తను నవ్వింది. నేను కవరు తీసి, సంచి మీద కాగితం పెట్టి సంతకం చేశాను. సంతకం కింద "అభిప్రాయభేదంతో" అని కూడా రాశాను. తను చదివింది.

"ఇదేంటి నాన్నా?"

"నిజం. నువ్వు పీఠం ఎక్కడం నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. నీకు పిలుపు లేదని మాత్రం నేను చెప్పలేను. అది చెప్పడానికి నేనెవర్ని?"

ఆ మాట కొట్టేయమంటుందేమో అనుకున్నాను. "ఉండనివ్వండి" అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా బండెక్కే ముందు ప్రార్థన ఉంటుంది. చేసేది నేనే. మా నాన్న ఉన్నప్పుడు ఆయన చేసేవాడు. ఆడవాళ్ళు తలమీద చెంగు కప్పుకుని వింటారు. గార్డు జెండా తీస్తున్నాడు. మా అమ్మాయి అలవాటు ప్రకారం తలమీద చెంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, నాకోసం ఆగింది.

"నువ్వు చెయ్యమ్మా" అన్నాను.

కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేను తల వంచేశాను. ఇక తనకు వేరే దారి లేదు. మెల్లగా మొదలుపెట్టింది, తర్వాత గొంతు సర్దుకుంది. వాళ్ళ అమ్మ కోసం చేసింది, మా సంఘం కోసం చేసింది, పాపం ఆ గుమస్తా కోసం కూడా చేసింది. నాకోసం చేసినప్పుడు రాయి అనలేదు, బండ అనలేదు. మా నాన్న అంది. కొంచెం పొడుగైంది. మధ్యలో బండి కూత వేసింది, కదిలింది, ఒక్కో పెట్టే నా ముందు నుంచి వెళ్ళిపోవడం వినపడుతూనే ఉంది. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు. చివరి పెట్టె కూడా వెళ్ళిపోయి ప్లాట్‌ఫారం నిశ్శబ్దమయ్యాక తను ముగించింది. నేను ఆమేన్ అన్నాను.