జరీబు సెలవు పెట్టిన రోజు

రెండువేల పదహారు వర్షాకాలంలో నేను రాయపూర్ జిల్లాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరును. ఊళ్ల భూమి లెక్కలు చూసే పట్వారీలకు పైన, నాయబ్ తహసీల్దారుకు కింద. తిట్లు రెండు వైపుల నుంచీ అందే పదవి. మా నాన్న రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పుట్టి పెరిగిన చోటు కదా, ఇక్కడి ఆచారాలన్నీ నాకు తెలుసని ధీమాగా ఉండేవాణ్ని.

ఆ ఏడు వాగు పొంగి ఒక గ్రామంలో వరిపొలాలు మునిగాయి. పంటలో మూడో వంతుకు మించి పోతేనే ప్రభుత్వ సాయం. ఆ నష్టాన్ని కొలిచి, ఐదుగురు సాక్షుల సంతకాలతో పంచనామా రాయాలి. నివేదిక పంపడానికి అదే ఆఖరి రోజు. మిగిలింది ఫూల్‌బాయి అనే ఆవిడ పొలం ఒక్కటే. జరీబు, అంటే పొలాలు కొలిచే ఇనుప గొలుసు, పట్టుకుని బయల్దేరాను.

"ఇవాళ హరేలీ పండగ కదండీ. పనిముట్లకు పూజ చేసే రోజు, పలుగూ పారా ముట్టరు. మీ మాట ఎవరు వింటారు?" అంది మా ఆవిడ, దేవేంద్ర నగర్‌లో మా గుమ్మం దాటకముందే. గొలుసు పలుగెలా అవుతుందన్నాను.

అవుతుందట. ఊరు చేరి నేను మంచినీళ్లు తాగేలోగా ఊరివాళ్లు దాన్ని కడిగి, బియ్యప్పిండి చేతిముద్రలు వేసి, నాగళ్ల పక్కన పూజలో పెట్టేశారు. "ఏడాదంతా అదీ కష్టపడింది కదా సాహెబ్, రేపటిదాకా లేపకూడదు" అన్నాడు సర్పంచ్. నాకు ఒళ్లు మండింది. పిండిముద్రల మీద చెయ్యి వేసే ధైర్యం మాత్రం చాలలేదు.

ఆ ఊరి పట్వారీ గట్టు మీద నుంచే చూసి ఆ పొలానికి "నష్టం లేదు" అని రాశాడు. నేనూ గట్టెక్కి చూశాను. పచ్చగానే ఉంది. సంతకం పెట్టేస్తే పని అయిపోతుందని కలం కూడా తీశాను. ఫూల్‌బాయి భర్త పోయాక ఒంటరిగా సాగు చేస్తున్న మనిషి. సాయం రాకపోతే పిల్లలతో ఇటుకబట్టీకి పోవాల్సిందే.

హరేలీనాడు పైరుకు చీడ పట్టకుండా పొలంలో భెల్వా కొమ్మ, అంటే నల్లజీడి కొమ్మ, నాటుతారు. ఆమె దిగి నాటబోయింది. బురదలో మూరెడు దిగాల్సిన కొమ్మ జానెడైనా దిగలేదు.

"ఖాల్హే రేతీ హే సాహెబ్, కింద అంతా ఇసుకే. దిగి చూడండి" అంది.

బూట్లు విప్పి దిగాను. అరికాళ్ల కింద కరకరలాడింది. నీళ్ల అడుగున వాగు పరిచిపోయిన ఇసుక మేట అది, పైరు మొదళ్లు అందులో పూడిపోయాయి. నాకు గట్టు మీద నుంచి కనిపించినవి పైరు కొసలు మాత్రమే. నిజంగా సిగ్గేసింది.

తహసీల్దారుకు ఫోన్ చేసి, జరీబు పూజలో ఉందని ఉన్నదున్నట్టే చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి ఒక రోజు గడువిచ్చారు. ఫూల్‌బాయి ఇంట్లో బెల్లం చీలాలు, మన తీపి అట్లలాంటివే, నాలుగు లాగించాను.

మర్నాడు పిండిముద్రల గొలుసుతోనే కొలిచాం. సగానికి పైగా మేట. పట్వారీ రాసింది కొట్టేసి కొత్త పంచనామా రాశాను. సాయం వచ్చింది. ఆ ఏడు ఫూల్‌బాయి బట్టీకి పోలేదు.

తర్వాత హరేలీనాడు నేనెప్పుడూ సర్వే పెట్టుకోలేదు. రిటైరయ్యేదాకా బూట్లు విప్పకుండా ఒక్క పంచనామా మీదా సంతకం చేయలేదు.