అవ్వ అరచెయ్యి

ఆ అవ్వ గుర్తొస్తే నాకిప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. పామేడు అడవిలో ఇప్పపూలు ఏరుకునేది. పూలు రాలే ముందు, రాలినవి నేల మీద కనబడాలని, చెట్టు కింద చుట్టూ శుభ్రంగా ఊడ్చి, మధ్యలో ఎండుటాకులు కాల్చేది. మంట దాటితే కొట్టి ఆర్పడానికి పచ్చికొమ్మ పట్టుకుని పక్కనే నిలబడేది. మంట ఆరాక బూడిద మీద అరచెయ్యి ఆనించి, చల్లబడిందని తెలిస్తేనే కదిలేది.

అడవి అంటుకుంటే ముందే పసిగట్టాలని టవర్ మీద వేడిని పట్టే థర్మల్ కెమెరా పెట్టారు. తెర ముందు కూర్చునే ఉద్యోగం నాది. అందులో మంట తెల్లగా, పక్కన అవ్వ లేత పసుపుగా కనిపించేది.

నెలైనా ఒక్క మంటనూ పట్టుకోలేదేమని పెద్ద సాబ్ గద్దించిన రోజు, అవ్వ మంటనే రిపోర్టులో రాసి పంపాను. పక్కన మనిషి కాపలా ఉందని రాయలేదు. గార్డులు వెళ్లి ఆమె బుట్టలు లాక్కొచ్చారు.

మర్నాడు అవ్వ ఆఫీసుకొచ్చింది.

"నిప్పు కనబడ్డదంట గదా బిడ్డా. పక్కన్నే నిలబడ్డ. నేను కనబడలేదా?"

"లేదవ్వా," అన్నాను.

నమ్మింది. కోపం కూడా తెచ్చుకోలేదు. తెర దగ్గరికొచ్చి, బూడిదను తాకినట్టే దాని మీద అరచెయ్యి ఆనించింది.

"పాపం, దీనికి సూపు ఆనుతలేదేమో బిడ్డా."