టైగర్ ప్రయాణం, నా కోతలు

ఇరవై దేశాలకు కుక్కలను పంపినవాణ్ణని విశాఖపట్నంలో ఒకసారి చెప్పుకున్నాను. మద్దిలపాలెంలో పశువుల డాక్టరు గది బయట, మా అమ్మాయి పెంచుకునే పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పటి మాట. పక్కాయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. దుబాయిలో ఉద్యోగం దొరికింది. టైగర్ లేనిదే వెళ్లడట. కుక్క నుదుట కాటుక దిష్టిచుక్క!

“బావా, మెడ సర్మం కింద సిప్పు పెడతారంట. అది ముందా, రేబీసు సూది ముందా?”

మా కర్నూలులో బావా అనాలంటే అక్కనో చెల్లెల్నో ఇచ్చి ఉండాలి. ముక్కూమొహం తెలియనివాడు అలా పిలిచేసరికి తికమకపడ్డాను. కుక్క గుర్తింపు కోసం పెట్టే ఆ చిప్ సంగతి నాకు అసలే తెలియదు. అయినా ధీమాగా, “ముందు సూదే” అన్నాను.

“బావ సెప్పేడంటే అదే సేయించేత్తాను” అని లేచాడు.

చెయ్యి పట్టుకుని ఆపాను. “ఆగు నాయనా! నేను కుక్కను వీధి కూడా దాటించలేదు. డాక్టర్నే అడుగు.”

లోపలికెళ్లి వచ్చాడు. “సిప్పే ముందంట. దాని నెంబరు మీదే సూది రాత్తారంట. నీ మాటింటే ఆ సూది సెల్లదు, టైగర్ ఇక్కడే ఉండిపోయేది!”

తిడతాడనుకుంటే టైగర్ గొలుసు నా చేతిలో పెట్టాడు. నా మీద అంత నమ్మకం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

“నాను కాయితాలు రాయించుకొత్తాను. సూత్తుండు బావా. ఈది మాత్రం దాటించకు.”