ఇల్లరికపు పురుగు

అక్వేరియానికి జనం టికెట్టు కొని వచ్చేది సొరచేపను చూడడానికి. పురుగుల పిన్ని మాత్రం ఏళ్ళ తరబడి వెనక గదిలో, పంపుల హోరులో, సముద్రపు పురుగుల తొట్లు కడుగుతూ వాటికి మేత వేస్తూ ఉంటుంది. ఈ పురుగులు వానపాముకు సముద్రంలో ఉన్న చుట్టాలు. ఒంటికి రెండు పక్కలా దువ్వెన పళ్ళలా సన్నటి ముళ్ళు. శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లకు నోరు తిరగక పిన్ని వాటికి వరసలు కలిపేసింది.

గొట్టంలో ఉంటూ, తలమీద ఈకల కుచ్చు విప్పుకుని, నీడ పడితే చాలు లోపలికి దూరిపోయేది కొత్త కోడలు. ఇసుక రేణువులను తన జిగురుతోనే అతికించి ఇల్లు కట్టుకునేవాడు మేస్త్రి మామయ్య. నక్షత్రచేప పొట్టకింద చేరి, అది తినగా మిగిలింది తింటూ బతికేవాడు దూరపు చుట్టం. పెద్దనాన్న ఇసుకనే మింగుతాడు. సారం తన పొట్టకు, మిగతాది వెనక్కి, కుప్పలు కుప్పలుగా. నవ్వేవాళ్ళు నవ్వనీ, ఆయన అలా తిరగెయ్యబట్టే ఆ తొట్టి అడుగు కుళ్ళకుండా ఉంది.

మొన్న కొత్త రాళ్ళు వచ్చాయి. వాటిలో ఒకదాని బొరియలో మూరెడు పొడవున్న పురుగొకటి, కత్తెరలాంటి దవడలతో, పిలవని పేరంటానికి వచ్చేసింది. చీకటి పడితే తల బయటపెట్టి చిన్న చేపల్ని లాక్కుపోతుంది. దానికి పిన్ని పెట్టిన పేరు ఇల్లరికపుటల్లుడు.

అసలు అల్లుడి సంగతి ఇంకా తేలలేదు. పిన్ని కూతురు ఫ్రిజ్జులు బాగుచేసే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయి తల్లి బట్టలు కుట్టి ఒంటిచేత్తో కొడుకుని పెంచిన మనిషి. రేపు ఇంటికి వచ్చి మాట్లాడతానంది. "ఆవిడ ఊ అంటేనే పెళ్ళమ్మా. నాకు నీ నోరంటేనే భయం," అని కూతురు పొద్దున్నే దణ్ణం పెట్టినంత పని చేసింది. పిల్ల కళ్ళలో బెంగ చూసి పిన్ని నోరు కుట్టేసుకుంటానని మాటిచ్చింది. ఆ మాట మధ్యాహ్నం దాకా నిలిచింది.

మధ్యాహ్నం పంపుల మెకానిక్ పక్క వరస తొట్లలో ఆ పురుగును వెతుకుతున్నాడు. హోరులో వినబడాలంటే అరవాల్సిందే.

"అల్లుడు దొరికాడా?"

"ఎక్కడ పిన్నీ! పగలంతా పడకే, బయటికి రాడు."

"ఎందుకొస్తాడు! తేరగా తిండి దొరుకుతోందాయె. వాడు అడుగుపెట్టాక కొంప గుల్లయింది. రొయ్య ముక్క ఆశచూపు. తల బయటపెట్టగానే పట్టుకుని ఈడ్చెయ్. ముక్కలు మాత్రం చెయ్యకు, మళ్ళీ మొలుచుకొస్తాడు!"

"మా వాడికి రొయ్యలిష్టమని మీకెవరు చెప్పారు?"

గుమ్మంలో పళ్ళ సంచీతో ఒకావిడ నిలబడి ఉంది. కూతురు చూపించిన ఫోటోలోని ముఖమే, అబ్బాయి తల్లి. రేపటిదాకా ఆగలేక, కాబోయే వియ్యపురాలిని పనిచేసే చోటే చూసిపోదామని వచ్చింది. పిన్ని తన ఒక్క కూతురి బతుకు తన నాలుకమీదే తెల్లారిపోయిందనుకుంది.

"అయ్యో వదినగారూ, అల్లుడంటే పురుగు!"

"ఇది ఇంకా బాగుంది," అంది ఆవిడ.

పిన్ని తడి గ్లవుసుతోనే ఆవిడ చెయ్యి పట్టి తొట్ల దగ్గరికి లాక్కుపోయి ఒక్కొక్కరినీ పరిచయం చేసింది. రాతి బొరియలోంచి అల్లుడి మీసాలు కనబడ్డాక ఆవిడ ముఖం కాస్త తేటపడింది. మేస్త్రి మామయ్య ఇంటి ముందు వంగి, "కుట్టు ఎక్కడా వంకరపోలేదు," అని మెచ్చుకుంది కూడా. గండం గడిచిందని పిన్ని ఊపిరి పీల్చుకునేలోపే ఆవిడ ఇటు తిరిగింది.

"కోడలుంది, అల్లుడున్నాడు. మరి వియ్యపురాలెక్కడ?"

మెకానిక్‌కి హఠాత్తుగా ఏదో పని గుర్తొచ్చి పంపు వెనక్కి వెళ్ళిపోయాడు. పగడం మీద రంగుల సుడిలా విచ్చుకున్న పురుగును చూపించి ఇదేనంటే సరిపోయేది. కానీ అబద్ధం పిన్ని నోటికి ఎన్నడూ పలకలేదు. చివరి తొట్టి చూపించింది. ఎర్రటి ఒళ్ళు, దాని పొడుగునా తెల్లటి ముళ్ళ కుచ్చులు. కళ్ళు తిప్పుకోలేనంత బాగుంది.

"ముట్టుకుంటే ముళ్ళు దిగి చెయ్యి భగ్గుమంటుంది," అంది పిన్ని తల దించుకుని. "మీరెవరో తెలియకముందు పెట్టిన పేరు వదినగారూ. తప్పు నాది. పిల్లది బంగారం, దాని మీద పెట్టకండి."

ఆవిడ తొట్టి అద్దానికి దగ్గరగా వంగింది.

"ఎవరూ దాని జోలికి పోకపోయినా కుడుతుందా?"

"లేదండీ. చచ్చినవాటిని తిని తొట్టి శుభ్రం చేసుకుంటూ తన మానాన తను పోతుంది. ఎవరైనా చెయ్యి పెడితేనే."

"ఆయన పోయినప్పుడు మా వాడు చంకలో ఉన్నాడు. ఆ రోజుల్లో చెయ్యి పెట్టాలని చూసినవాళ్ళు తక్కువేం కాదు. ముళ్ళు లేకపోతే వాణ్ణెలా పెంచేదాన్ని?" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పేరు బాగా కుదిరింది, మార్చకండి."

ఆవిడ పళ్ళ సంచీ పిన్ని చేతిలో పెట్టి, రాతి బొరియవైపు ఒకసారి కోపంగా చూసింది.

"ఒక్క మాట ముందే చెబుతున్నా వదినగారూ. మా వాడు ఇల్లరికం రాడు. పిల్లనే మా ఇంటికి పంపాలి."