ఆరని కోటు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఓడ కెప్టెనని బడిలో ఒక కొండంత అబద్ధం ఆడాను. నిజానికి ఆయన శ్రీకాకుళం తీరం నుంచి తెరచాప ఓడ మీద కళాసీగా రంగూన్ వచ్చి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా సేక్కాన్ రేవులో బస్తాలు మోసిన మనిషి. నా పక్కన కూర్చునే బర్మా అమ్మాయి తండ్రేమో చౌక్తడా పేటలో సర్కారు ఆఫీసరు. ఆమె ముందు బస్తాల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. పదేళ్ళకే ఎంత డాబు చూడండి!

బయటి దేశాల సరుకు మా ఊరి మొహం చూడని రోజులవి. ఆ వానాకాలం మన తెలుగువాళ్ళ సంఘం ఒక నాటకం వేయాలనుకుంది. ఎప్పుడో రెండు మూడు వందల ఏళ్ళ కిందటి సముద్రపు దొంగల కథ. సంఘాన్ని నడిపేది కొట్లున్న షావుకార్లు. మా తాతయ్యకు ఏటా దక్కేది తెర లాగే పని. ఈసారి మాత్రం, ఓడ సంగతులు తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదని, తుఫానులో చుక్కాని పట్టే ముసలి దొంగ వేషం ఆయనకిచ్చారు. వేషానికని ఎవరో ఆ కరువులోనూ ఎక్కడో సంపాదించి ప్లాస్టిక్ వానకోటు తెచ్చిస్తే తాతయ్య దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఆ కాలం దొంగలకి పలాస్టిక్కు ఎవుడిచ్చినాడు బాబూ? అసలైంది నాను కుడతాను, ఆగండి" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది.

రేవులో పారేసిన పాత తెరచాప గుడ్డ తెచ్చారు. మైనం రాసిన దారంతో ప్రతి కుట్టూ రెండు మడతలేసి కుట్టారు. గుండీలు పెట్టలేదు. చెక్క ముక్కలు చెక్కి, తాడు ఉచ్చుల్లో దూర్చేలా పెట్టారు. అవిసె నూనె కాచి, అందులో దీపం మసి కలిపి, అరచేత్తో గుడ్డకు పట్టించారు. అలా మూడు పూతలు. ఒకటి ఆరాకే ఇంకొకటి. ముసురులో అది ఆరితే కదా! ముందుగదిలో వెదురు బొంగుకు చేతులు చాపుకుని రోజుల తరబడి వేలాడేది. ఇల్లంతా నూనె కంపు.

"ఆరకుండా దీన్ని మడతెట్టకే అమ్మీ. గాలాడకపోతే నూనె లోపల్లోపల ఉడికి నిప్పంటుకుంటాది. ఓడలోనైతే ఇలాటి పని సేసినోణ్ణి తన్నీవోళ్ళు" అని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను.

అంతలో సర్కారు మీద తిరగబడి విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, బడులు మూసేశారు. ఒక ఉదయం, మూడో పూత వేసిన మర్నాడే, ఆ ఆఫీసరు గారమ్మాయి మా వీధి చివర తండ్రి కారు దిగడం కిటికీలోంచి చూశాను. నా పై ప్రాణాలు పైకే పోయాయి. తాతయ్య బజారుకెళ్ళారు, అమ్మ వంటింట్లో ఉంది. కెప్టెన్ ఇంట్లో ఈ కూలివాళ్ళ కంపేమిటి? గబగబా కోటు లాగి, గట్టిగా చుట్ట చుట్టి, లోపలి గదిలో బొంతల దొంతర వెనక కుక్కేశాను. ఆయన చెప్పిన మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. ఒక్క గంటే కదా అనుకున్నాను.

మధ్యాహ్నానికి పెద్ద రోడ్డు మీద నినాదాలు, లారీల చప్పుడు, ఆ తర్వాత తుపాకులు. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఇంటికెళ్ళే దారి లేక నా స్నేహితురాలు వెక్కి వెక్కి ఏడ్చింది. సందుల్లో పడి ఎలాగో ఇల్లు చేరిన తాతయ్య, కోటు సంగతి అడగడం కూడా మరిచి, ఆ పిల్ల పక్కన కూర్చుని ఊరుకోబెట్టారు. అది ముక్కు తుడుచుకుంటూ, బర్మీస్‌లో తాతయ్యా అని పిలిచి అడిగింది. "ఫోఫో, మీరు ఏ ఓడకి కెప్టెన్?"

తాతయ్య నా వైపు చూశారు. నేను తల దించేసుకున్నాను.

"పేరు చెప్తే నువ్వు నమ్మవు తల్లీ, అంత పెద్ద ఓడ" అన్నారాయన బర్మీస్‌లోనే. అది ఏడుపు ఆపేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే లోపలి గదిలోంచి పొగ వచ్చింది. అమ్మ కేక వేసింది. తాతయ్య పరుగెత్తి, మండుతున్న బొంతలు అవతలికి గుంజి, ఆ చుట్టను వట్టి చేతులతో వీధిలో వానలోకి విసిరారు. అది విప్పుకునేసరికి మడత మడతకీ మాడిపోయి ఉంది. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఏ దరిద్రులు ఎట్టినారు దాన్నిక్కడ?" అని అమ్మ నన్ను చూసింది. నా స్నేహితురాలూ నన్నే చూస్తోంది. నేను తాతయ్య వెనక్కి నక్కాను.

"నానే ఎట్టినాను. ముసలోణ్ణి, మతి సచ్చిపోనాది" అన్నారు తాతయ్య.

"ఇల్లు తగలెట్టీసీవోడివి కదా అయ్యా!" అని అమ్మ ఆయన్ని చెడామడా తిట్టింది. ఆయన చేతులు నీళ్ళలో పెట్టుకుని అన్నీ పడ్డారు.

గొడవలు సద్దుమణిగాక నాటకం వేశారు. తాతయ్య సంఘంలోనూ ఆ మాటే చెప్పారు, మరిచిపోయి తానే తగలబెట్టానని. మతిలేని మనిషికి వేషమేమిటని షావుకార్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు. ప్లాస్టిక్ కోటులో తళతళలాడుతూ ఆ ముసలి దొంగ వస్తే జనం ఈలలేసి చప్పట్లు కొట్టారు. నేను స్టేజీ పక్కనే కూర్చున్నాను. నాకు కనిపించిందల్లా తెర తాడు పట్టుకున్న, కట్లు కట్టిన రెండు చేతులు.

అయ్యాక చెప్పేద్దామనే వెనక్కి వెళ్ళాను. తాతయ్య తాడు చుడుతున్నారు. నేను నోరు తెరిచేలోపే, "తెర బాగా లాగినానా అమ్మీ?" అని అడిగారు.

"బాగా లాగావు తాతా" అన్నాను. అంతే అన్నాను.

నా సిగ్గు దాచడానికి ఆయన తన పరువు ఇచ్చేశారని అర్థమయ్యేసరికి ఆయన లేరు. ఇప్పుడు నాది ఆయన వయసు. మీ పెద్దవాళ్ళు ఏం చేసేవారని ఎవరైనా అడగబోతే, మాట పూర్తి కాకుండానే, మా తాతయ్య సేక్కాన్ రేవులో బస్తాలు మోసేవారని చెప్పేస్తాను. అది చెప్పడం నాకిప్పుడు చాలా తేలిక. 'నేనే పెట్టాను తాతా' అన్న మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.